గోడకి బిగించేది నాది

"ఓనరు గారు పోయారండీ" అన్నాడు ఇస్త్రీ అతను, బట్టల మూట మా అరుగు మీద దించుతూ.

నేను అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను. పటమటలో మా వీధిలో సొంత ఇళ్ళున్నవాళ్ళం చాలామందిమే ఉన్నాం. అద్దెకిచ్చే మేడ నాకూ ఉంది. అయినా "ఏ ఓనరు గారు?" అని నేను అడగలేదు. ఆ మాట మా వీధిలో ఒక్క మనిషికే చెల్లింది. మా ఎదురింటాయనకి. ఒకప్పుడు మా ఇంటిపేరు చెబితే కాలవ పొడుగునా ఊళ్ళలో తలపాగాలు తీసి నిలబడేవారు. ఇప్పుడు కొరియరు అతనికి ఫోనులో మా ఇంటి గుర్తు చెప్పాలంటే "ఓనరు గారి ఎదురిల్లు" అని చెప్పాలి. అదీ నా నోటితో నేనే చెప్పాలి.

"ఎప్పుడు?" అన్నాను.

"తెల్లారగట్టండీ. నిద్దట్లోనేనంట. రాత్రి పైవాటా వాళ్ళ కుళాయి బాగుచేసి, అన్నం తిని పడుకున్నారంట. అంతే."

ఆ చావు చూసి కూడా నాకు అసూయే కలిగింది. మా నాన్నగారు ఏళ్ళ తరబడి మంచం మీద ఉండి పోయారు. మా తాతగారు కోర్టు వాయిదాకి వెళుతూ బస్టాండులో పడిపోయారు. మా వంశంలో ఎవరికీ అన్నం తిని హాయిగా పడుకుని వెళ్ళిపోయే యోగం లేదు. అది కూడా ఎదురింటికే పోయింది.

ఆయన ఏ ఊరివాడో, ఏ వ్యాపారం చేసి ఆ మూడంతస్తులు లేపాడో నాకు తెలియదు. ఎదుటివాళ్ళ సంపాదన కూపీ లాగడం మా ఇంటి పద్ధతి కాదు. నేను రాయగలిగింది మా అరుగు మీంచి కనబడినంతే. కాకపోతే మా అరుగు మీంచి ఆయన ఇల్లు బాగా కనబడుతుంది.

పొట్టి మనిషి. గళ్ళ లుంగీ, పైన జేబున్న చొక్కా. ఆ జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట ఆయన టెస్టరు పెట్టుకునేవాడు. ఎక్కడికి వెళ్ళినా ఒక ఇనప స్టూలు చంకన ఉండేది. ఎవరింటికి వెళ్ళినా మనిషిని పలకరించే ముందు గోడని పలకరించేవాడు. వేలి కణుపులతో నాలుగు చోట్ల కొట్టి, చెవి పెట్టి వినేవాడు. కొత్తగా వచ్చిన రోజుల్లో మా ప్రహరీ గోడని అలాగే కొట్టి చూసి, "పాతకాలం గోడండీ, డ్రిల్లు దిగదు" అన్నాడు.

"దిగనక్కర్లేదు" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "అదీ నిజమేలెండి" అని వెళ్ళిపోయాడు. కోపం రాకపోవడం ఆయనలో నాకు మొదట నచ్చని గుణం.

మా పద్ధతి వేరు. మా నాన్నగారు ఈ ఇల్లు కట్టినప్పుడే ఒక మాట అనుకున్నారు. ఇల్లు ఇస్తాం, సామాను ఇవ్వం. దీన్ని పిసినారితనం అనుకున్నవాళ్ళున్నారు. కాదు. కూచిపూడి దగ్గర మా తాతగారి ఊళ్ళో, ఒకరు వాడిన వస్తువు మరొకరికి ఇవ్వడమంటే పనివాళ్ళకి ఇవ్వడమే. చుట్టం వస్తే కొత్త దుప్పటి మడత విప్పేవారు. అద్దెకి వచ్చేవాడు మర్యాదస్థుడు. ఇంకెవరి నెత్తి మీదో తిరిగిన ఫ్యాను, ఇంకెవరి ఒంటికో నీళ్ళు కాచిన గీజరు అతని చేతిలో పెట్టడమంటే అతన్ని తక్కువ చేయడం. అందుకని మా మేడ ఎప్పుడూ కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది. తెల్లటి సున్నం, ఎర్రటి గచ్చు, కప్పుకి కొక్కేలు, కొక్కేల పక్కన చివర టేపు చుట్టిన వైర్లు. ఎవరి గాలి వాళ్ళు తెచ్చుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు ఎవరి గాలి వాళ్ళు విప్పుకుపోతారు. గోడకి చిల్లు మాత్రం కొట్టనివ్వను.

ఎదురింటాయన నా కళ్ళ ముందే దీన్నంతా తలకిందులు చేశాడు. ఆయన ఇచ్చేవీ ఖాళీ ఇళ్ళే. మంచం ఉండదు, కుర్చీ ఉండదు. కాని ప్రతి గదిలో ఫ్యాను, బాత్రూములో గీజరు, వంటింట్లో పొగ లాగే చిమ్నీ, మంచినీళ్ళ ఫిల్టరు, కిటికీలకి దోమల మెష్షు, అన్నీ ఉండేవి. బోర్డు కట్టిన రోజే బోర్డు విప్పేవాడు. మా గేటుకి కట్టిన 'టు లెట్' అట్ట మాత్రం ఎండకి వెలిసి, వానకి తడిసి, మళ్ళీ కొత్త అట్ట రాయించాల్సి వచ్చేది.

ఆయన ఇల్లు చూపించడం ఒక తమాషా. కిటికీలు తెరిచి ఉండేవి కాబట్టి నాకు అంతా వినబడేది. ముందు చెప్పులు బయట విడిచేవాడు, లోపల ఎవరో కాపురం ఉన్నట్టు. తరవాత ఫ్యాను స్విచ్చి వేసేవాడు.

"వినండమ్మా."

వచ్చినవాళ్ళు తల పక్కకి వంచి వినేవారు.

"ఏం వినబడట్లేదండీ."

"అదీ! మాటాడని ఫ్యాను. రండి, ఇటు రండి."

బాత్రూములోకి తీసుకెళ్ళి గీజరు వేసి, నీళ్ళు కాగేదాకా ఊరు పేరు అడిగి, కుళాయి తిప్పి, "పెట్టండి చెయ్యి" అనేవాడు. భర్త పెట్టాలి, భార్య పెట్టాలి, పిల్లలుంటే వాళ్ళూ పెట్టాలి. ముసలావిడ ఎవరైనా వస్తే ఆవిడ్ని ముందు పిలిచేవాడు. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్ళు. వేడినీళ్ళు ఈ భూమ్మీద మొదటిసారి ఆయన ఇంట్లోనే పుట్టినట్టు.

నేను చేతులు వెనక్కి కట్టుకుని చూపిస్తాను. "ఇది హాలు. ఇది పడకగది. ఇది వంటిల్లు." గట్టు తప్ప ఏమీ ఉండదు కాబట్టి వంటిల్లని చెప్పాలి. వచ్చినవాళ్ళు కప్పు వైపు, కొక్కేల వైపు చూస్తారు. "ఆలోచించుకుని చెబుతామండీ" అంటారు. ఆ ఆలోచన మా గేటు దాటి, ఎదుటి గేటు చేరేలోపే పూర్తయిపోతుంది.

ఒకసారి ఇల్లు చూడటానికి వచ్చిన లెక్చరరు ఎవరో, "ఇన్ని ఇచ్చారు కదా, ఫ్రిజ్జూ టీవీ కూడా పడెయ్యకూడదాండీ?" అని హాస్యమాడాడు. అప్పుడు విన్నాను ఆయన శాసనం.

"గోడకి బిగించేది నాది. నేల మీద నిలబడేది మీది. అంతేనండీ లెక్క."

అది విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టలేదు. అంత చిన్న మాటతో ఒక మనిషి ఇంటి ధర్మమంతా తేల్చేస్తే ఎలా ఊరుకుంటాం? ఆయన గేటు దగ్గర నిలబడ్డప్పుడు మా అరుగు మీంచే అడిగాను.

"మరి టీవీ? ఇప్పుడంతా గోడకే తగిలిస్తున్నారుగా?"

"మేకు నాది, బొమ్మ వాళ్ళదండీ."

"ఏసీ? అదీ గోడకి బిగించేదే. ఇస్తున్నారా?"

ఇక్కడ దొరికాడనుకున్నాను. ఆయన టెస్టరుతో వీపు గోక్కున్నాడు.

"ఏసీ గోడకి బిగించేది కాదండీ. కరెంటు బిల్లుకి బిగించేది. బిల్లు ఎవరిదైతే ఏసీ వాళ్ళది."

పక్కింటి మెట్ల మీద కూరగాయలు బేరం చేస్తున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేను వదల్లేదు.

"స్టవ్వు? అది గోడ మీదా కాదు, నేల మీదా కాదు. గట్టు మీద."

"ఒక్క రోజుకి నాది. తరవాత వాళ్ళది."

దానర్థం నాకు తెలుసు. ఇంట్లో దిగేవాళ్ళు ముందు పాలు పొంగించాలి కదా. మా మేడ మీద దిగేవాళ్ళు లారీలో అన్నింటికీ అడుగున ఉన్న స్టవ్వు బయటపడేదాకా పాలగిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడేవారు. ఆయన మాత్రం వాళ్ళొచ్చేసరికి గట్టు మీద రెండు పొయ్యిల స్టవ్వు పెట్టి, పక్కన అగ్గిపెట్టె పెట్టి, తాను బయటికి వచ్చేసేవాడు. పాలు పొంగే వేళకి అక్కడ ఉండేవాడు కాదు. వాళ్ళ సామాను సర్దుకున్నాక మర్నాడు స్టవ్వు తెచ్చుకునేవాడు. పొయ్యి ఎవరిదైతే సంసారం వాళ్ళదని మా అమ్మగారు అనేవారు. మొదటి రోజే పరాయి పొయ్యి మీద పాలు పొంగితే ఆ కాపురం ఎవరిదైనట్టు? ఇది కూడా ఆయన్ని అడగాలనుకున్నాను. ఏం చెబుతాడోనని మానేశాను.

ఫ్రిజ్జు గురించి అడిగినప్పుడు మాత్రం ఆయన హాస్యమాడలేదు.

"రోహిణి ఎండల్లో చల్లటి నీళ్ళు లేకుండా ఎలా ఉంటారు? అంత జాలి ఉన్నవారు అదొక్కటీ ఎందుకు ఇవ్వరు?" అన్నాను.

"అది ఇవ్వకూడదండీ" అన్నాడు గేటు మూసి నా వైపు రెండడుగులు వేసి. "ఫ్రిజ్జు మనదైతే దాని తలుపు తీసి చూసే హక్కు కూడా మనదే అనిపిస్తుంది. వాళ్ళు లోపల ఏం పెట్టుకుంటారో, ఏం తింటారో మనకెందుకు చెప్పండి?"

ఆయన పై అంతస్తులో చర్చికి వెళ్ళే కుటుంబం ఉండేది. క్రిస్మస్ రోజుల్లో వాళ్ళ బాల్కనీలో నక్షత్రం వెలిగేది. దాని కొక్కెం బిగించింది కూడా ఆయనే. మా ఇంట్లో ఇల్లు చూపించక ముందే వచ్చినవాళ్ళని ఏం తింటారో అడుగుతాం. నేను మరో ప్రశ్న వేయకుండా లోపలికి వెళ్ళిపోయాను.

ఇవన్నీ చిన్న చిన్న ఓటములు. అసలు సంగతి మా మేడ మీద ఉన్న దంపతులది.

ఆ అమ్మాయిది కూచిపూడి. పిల్లలకి నాట్యం నేర్పుతుంది. భర్తకి మంగళగిరిలో ఉద్యోగం. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె కొక్కేల వంక చూడనే లేదు. హాలు మధ్యలో చెప్పులు లేకుండా నిలబడి, కాలెత్తి గచ్చు మీద ఒక్క దెబ్బ వేసింది. గచ్చు పలికింది. "ఈ ఇల్లే కావాలండీ" అంది. కిందికి వచ్చి మా ఇంటిపేరు విని ఆగిపోయింది.

"మీరు వాళ్ళాండీ? మా తాతగారు చెప్పేవారు. మీ లోగిట్లో పందిరేస్తే తెల్లవార్లూ ఆడేవాళ్ళంట."

పటమట మొత్తంలో మేమెవరమో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు నుంచి నేను బాబాయి గారిని, మా ఆవిడ పిన్ని గారు. సాయంత్రమయ్యేసరికి గజ్జెలు కట్టని పాదాలు మా కప్పు మీద తాళం వేసేవి. మాకు పిల్లలు లేరు. ఆ వేళలో మాత్రం మా నెత్తి మీద ఇంటినిండా పిల్లలు ఉన్నట్టుండేది. మా ఆవిడ పప్పు గిన్నె పొయ్యి మీద పెట్టి ఆ తాళానికి తల ఊపుతూ మాడ్చేసేది. నేను ఏమీ అనేవాణ్ణి కాదు.

కొన్నేళ్ళకి ఆ అమ్మాయి కడుపుతో ఉన్నానని చెప్పింది. తల్లి లేని పిల్ల. పుట్టింట్లో పురుడు పోసేవాళ్ళు లేరు. "ఇక్కడే ఉంటాను పిన్ని గారూ" అంది. మా ఆవిడ ఆ రాత్రే మెత్తటి పాత చీరలు ఏరడం మొదలుపెట్టింది. నేను బయటికి ఏమీ అనకపోయినా లోపల లెక్కలు వేసుకున్నాను. మా ఇంటి గడప లోపల పసిపిల్ల ఏడుపు వినబడి ఒక తరం దాటింది. పుట్టేది ఎవరి బిడ్డయినా, పెరిగేది మా కప్పు కింద.

అప్పుడొచ్చాడు ఆమె భర్త, చేతులు నలుపుకుంటూ.

"బాబాయి గారూ, బాలింతకి వేడినీళ్ళు కావాలి గదండీ. ఒక్క గీజరు పెట్టుకుంటాం. మేమే కొనుక్కుంటాం. వెళ్ళేప్పుడు మేమే తీసుకుపోతాం. గోడకి రెండే చిల్లులు."

"గీజరెందుకయ్యా? మా తాతగారి నాటి రాగి కాగు ఉంది. పొద్దున్నే నీళ్ళు కాచి నేను పైకి తెచ్చిస్తాను."

"మీరా?"

"నేనే."

మా వంశంలో మగవాడు ఇంకొకరి స్నానానికి నీళ్ళు మోయడం అదే మొదలయ్యేది. అంతకంటే గొప్ప మర్యాద నేను ఎవరికీ చేయలేదు, చేస్తానని కూడా అనలేదు. అతను సంతోషిస్తాడనుకున్నాను. అతని ముఖం పాలిపోయింది.

"మీరు మెట్లెక్కి నీళ్ళు తెస్తుంటే మేం ఎలా పోసుకుంటామండీ? పాపం చుట్టుకోదూ?" అని, తల వంచుకుని పైకి వెళ్ళిపోయాడు.

తరవాతి వారంలో మా ఆవిడ అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"ఎదురింటి కింది వాటా ఖాళీ అయిందట. మనవాళ్ళు అడిగారట."

నేను ముద్ద దించేశాను.

"ఆ రెండు చిల్లులు ఒప్పుకోకూడదూ?" అంది.

"గోడ సంగతి కాదు."

"మరేమిటి?"

చెయ్యి కడుక్కుని, ఉతికిన కండువా భుజాన వేసుకుని, వీధి దాటాను. ఎన్నో ఏళ్ళుగా ఎదురెదురుగా ఉన్నాం. ఆయన గేటు లోపల కాలు పెట్టడం అదే మొదలు.

ఆయన ఖాళీ హాల్లో స్టూలెక్కి ఫ్యాను బిగిస్తున్నాడు.

"రండి రండి, సమయానికొచ్చారు! కాస్త ఆ స్టూలు పట్టుకోండి, ఊగుతోంది."

పట్టుకున్నాను. నా శత్రువు కింద స్టూలు నేను పట్టుకున్నాను. ఆ భంగిమలోనే మాట్లాడాల్సి వచ్చింది.

"మా మేడ మీద వాళ్ళు మీ ఇల్లు అడిగారట."

"అడిగారండీ."

"ఇవ్వకండి."

పైన స్క్రూ తిరగడం ఆగింది. ఆయన నా నడినెత్తి వంక చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"మీరు వద్దంటే ఇవ్వనండీ. మీ వాళ్ళు. కాని వాళ్ళు కానూరు వైపు కూడా చూస్తున్నారంట. నేనివ్వకపోతే అటు పోతారు. అప్పుడు మీకూ లేరు, నాకూ లేరు."

"మీకెందుకు వాళ్ళు? మీకు అద్దెకొచ్చేవాళ్ళు కరువా?"

ఆయన స్టూలు దిగాడు. కండువా లేదు, లుంగీ అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"సాయంత్రం నేను మెట్ల మీద కూచుంటాను, చూశారా ఎప్పుడైనా?"

చూశాను. రోజూ చూశాను. నా మేడ వంక చూసి నవ్వుకుంటున్నాడనుకునేవాణ్ణి.

"మీ మేడ మీద చప్పుడు కోసమండీ. ఇన్ని కొన్నాను, ఇన్ని బిగించాను. ఆ చప్పుడు మాత్రం నా ఇంటికి బిగించుకోవడం నా వల్ల కాలేదు. అది మీకెలా వచ్చిందా అని ఏడ్చుకునేవాణ్ణి, నిజం చెప్తున్నా."

నా దగ్గర ఉన్నదేదో ఆయనకి లేదని ఆ రోజుదాకా నాకు తెలియదు.

"ఒక పని చేద్దాం" అన్నాడు. "ఇక్కడంతా టైల్సు. ఎంత కొట్టినా పలకవు, పైగా మోకాళ్ళు పోతాయని ఆ అమ్మాయే అంది. క్లాసు మీ మేడ మీదే ఉంచండి. కాపురం నాకివ్వండి, ఆట మీరుంచుకోండి."

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టుంది ఆ మాట. మా తాతలు అలాంటి పంపకాల్లోనే చితికిపోయారు.

"అంటే పిల్ల మీకు, చప్పుడు నాకు" అన్నాను.

"పిల్ల ఎవరి మాట వింటుందండీ?" అని నవ్వాడు. "రాగానే మనిద్దర్నీ ఒక ఆట ఆడిస్తుంది."

కానూరు దూరం. వీధికి అవతలి వైపైతే దగ్గరే. నేను స్టూలు వదిలి, నిటారుగా నిలబడి, "ఇవ్వండి" అన్నాను. మా తాతగారు పొలం రాసిచ్చేటప్పుడు కూడా అలాగే నిలబడి ఉంటారు.

వాళ్ళు వీధి దాటి వెళ్ళిన రోజు మమ్మల్ని పాలు పొంగించడానికి పిలిచారు. గట్టు మీద స్టవ్వు ఉంది, అగ్గిపెట్టె ఉంది, ఆయన లేడు. పాలు పొంగాయి. మా ఆవిడ కళ్ళొత్తుకుంది. నేను ఆ స్టవ్వు వంకే చూశాను. చాలా మామూలు స్టవ్వు.

ఆ తరవాత మా మేడ పూర్తిగా ఖాళీ. సాయంత్రం పూట పిల్లలు వచ్చి ఆడి వెళ్ళేవారు. ఫ్యాను అక్కర్లేదు, గీజరు అక్కర్లేదు. నాట్యానికి కావలసింది నేల, నాలుగు గోడలు, తెరిచిన కిటికీలు. ఖాళీ ఇల్లంటే ఏమిటో ఇప్పటికైనా తెలిసిందా అని వీధిలో నలుగురితో అన్నాను. ఆ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. అది నాకు మరీ కష్టంగా ఉండేది.

ఆడపిల్ల పుట్టింది. మా ఆవిడ వేకువనే వీధి దాటి వెళ్ళి నీళ్ళు పోసి వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని ఆయన బాత్రూము కిటికీలోంచి ఆవిరి రావడం చూసేవాణ్ణి. ఆవిరిని చూసి అసూయపడిన మనిషి ఇంకొకడు ఉంటాడని అనుకోను. మా రాగి కాగు అటక మీదే ఉంది.

ఆయన ఊరుకునే రకమా? ఉయ్యాలకి కొక్కెం బిగించాడు. ప్లగ్గులన్నీ పసి వేళ్ళకి అందనంత ఎత్తుకి మార్పించాడు. పిల్ల పాకడం మొదలుపెట్టేసరికి హాలు గోడ పొడుగునా, మోకాలెత్తున, సన్నటి చెక్క కడ్డీ బిగించి దాన్ని రోజంతా గరుకు కాగితంతో రుద్దాడు.

"ఇదేం కడ్డీ అండీ?" అని అడిగింది కూరగాయలావిడ.

"పట్టుకు నడుస్తుందమ్మా మా బుజ్జిది. నాలుగడుగులు వేసిందంటే ఈ గోడ పుణ్యమే" అన్నాడు, మా అరుగుకి కూడా వినబడేలా.

తల్లి క్లాసుకి వచ్చేటప్పుడు పిల్లని చంకనేసుకుని మా మేడకి తెచ్చేది. పిల్లలు ఆడుతుంటే అది హాలంతా పాకేది. నేనూ ఆ వేళకి పైకి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడటం అలవాటు చేసుకున్నాను. ఒక సాయంత్రం పిల్ల హాలు నట్టనడుమ కూర్చుంది. ఏ గోడా దగ్గర లేదు. కుర్చీ లేదు, బల్ల లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. అరచేతులు గచ్చుకి ఆనించి, పిర్రలు పైకెత్తి, లేచింది. ఆడే పిల్లలు ఆగిపోయారు. తల్లి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. పిల్ల అడుగు వేసింది, మళ్ళీ వేసింది, మళ్ళీ వేసి చతికిలబడింది.

నేను గబగబా మెట్లు దిగి వీధిలోకి వచ్చాను. ఆయన తన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"చప్పుడు ఆగిందేంటండీ?" అన్నాడు.

"పిల్ల నడిచింది."

ఆయన లేచాడు. "ఎక్కడ?"

"మా మేడ మీద. నడి హాల్లో."

"దేన్ని పట్టుకుని?"

"దేన్నీ పట్టుకోలేదు. ఏముంది అక్కడ పట్టుకోవడానికి?"

అప్పుడు చూశాను ఆయన ముఖంలో. అన్నేళ్ళు నా ముఖంలో మా ఆవిడ చూసింది అదే అయి ఉంటుంది. పెదవి బిగుసుకుంది. చూపు వెనక్కి, తన గుమ్మం లోపలికి, ఆ కడ్డీ వైపుకి పోయింది. జీవితంలో నాకు దక్కిన ఆస్తులన్నిట్లోకీ ఆ ఒక్క చూపు నాకు ఇష్టం.

మెట్లు దిగి గేటు దాకా వచ్చాడు.

"రేపు నేనూ వచ్చి చూడచ్చాండీ?"

మా మేడ ఎక్కడానికి ఆయన నన్ను అనుమతి అడిగాడు. "రండి" అన్నాను. ఎంత హుందాగా అనాలో అంత హుందాగా అన్నాను.

మర్నాడు వచ్చాడు. చేతిలో స్టూలు లేదు. గుమ్మం బయట చెప్పులు విప్పి, గోడ వారగా గచ్చు మీద కాళ్ళు బార్లా చాపి కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. ఉక్క పోస్తోంది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది, అయినా కప్పు వంక ఒక్కసారి కూడా చూడలేదు. తల్లి పిల్లని హాలు మధ్యలో దించింది. అది లేచింది. నేను ముందుకి వంగకుండానే రెండు చేతులూ చాపి, "రా తల్లీ" అన్నాను. ఆయన పిలవలేదు, చెయ్యి కూడా చాపలేదు. పిల్ల నా చేతుల వంక చూసింది. ఎక్కడో ఎత్తున ఉన్నాయి అవి. అటు తిరిగి, తూలుకుంటూ, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది.

నాట్యం నేర్చుకునే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"మీరూ కూచోండి బాబాయి గారూ, మీ దగ్గిరికీ వస్తుంది" అంది అమ్మాయి.

నేను కూర్చోలేదు. హాలంతా ఖాళీయే, ఎటు చూసినా చోటే. అయినా ఆయన పిల్లని గుండెకి అదుముకుని, గోడ వెంబడి కొంచెం పక్కకి జరిగి, నాకు చోటిచ్చాడు.